అర అంగుళం గొట్టంలో రెండు వందల ఏళ్లు

విశాఖపట్నంలో పైపు ఫిట్టరు పనిలో చేరిన మొదటి వారం. మా మేస్త్రీగారు నా చేతికి జానెడు పైపు ముక్కా, ఒక వెర్నియరూ ఇచ్చి, "ఇది అర అంగుళం పైపు. ఇందులో అర అంగుళం ఎక్కడుందో కొలిచి చెప్పు" అన్నారు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం కొలిస్తే 21.3 వచ్చింది. లోపలి వ్యాసం 16. గోడ మందం 2.6. ముక్కను అటూ ఇటూ తిప్పి, అంచులను ఆకురాయితో నున్నగా చేసి మళ్లీ కొలిచాను. 12.7 ఎక్కడా లేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకు ఆయన వచ్చి, "ఏటిరా అబ్బాయ్, దొరికిందా?" అన్నారు. లేదండి అన్నాను. "దొరకదు. ఒకప్పుడుండేది. కొలత పోయింది, పేరు మిగిలింది. ఇవన్నీ తుపాకీ గొట్టాల పిల్లలు" అన్నారు.

ఆయన ఐదో తరగతితో బడి మానేసినవారు. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. దాని కట్టుబడిలో కుర్రవాడిగా పైపులు మోశారు. తుపాకీ మాట అక్కడి విదేశీ ఫోర్‌మన్ ఒకాయన నోట విన్నారట. నేను ఆ మాట పట్టుకుని, పని చేసిన ముప్పై అయిదేళ్లూ, రిటైరయ్యాక కూడా, దొరికిన పుస్తకమల్లా చదివాను. ఆయన చెప్పింది నిజమే.

మా షాపులో దాన్ని సీఎస్ పైపు అంటాం. సీఎస్ అంటే కార్బన్ స్టీలు. కార్బన్ లేని ఉక్కు ఉండదు. అయితే క్రోమియం, నికెల్ లాంటివి ప్రత్యేకంగా కలపని మామూలు ఉక్కుకు ఈ పేరు స్థిరపడింది. రిఫైనరీలో నూనె, థర్మల్ కేంద్రంలో ఆవిరి, ఎరువుల ఫ్యాక్టరీలో గ్యాసు, చక్కెర మిల్లులో వేడి నీరు ఎక్కువగా నడిచేది దీనిలోనే. మేం రోజూ వాడిన గ్రేడ్ బి పైపులో వంద కిలోల ఉక్కుకు కార్బన్ 300 గ్రాములు మించకూడదు. మించితే ఉక్కు గట్టిపడుతుంది గాని, వెల్డింగ్ చేసిన చోట పెళుసెక్కి పగులుతుంది. కత్తికి మేలు చేసే గుణం గొట్టానికి కీడు. గొట్టానికి ఒంగే గుణం కావాలి, అతుక్కునే గుణం కావాలి.

అతుక్కునే గుణం అన్న మాట ఊరికే అనలేదు. గొట్టం చరిత్రను ఎటునుంచి చదివినా నాకు అది అతుకు చరిత్రగానే కనిపించింది. రేకును గుండ్రంగా చుట్టడం పెద్ద విద్య కాదు. ఆ రెండు అంచులూ కలిసే చోట ఏం చేశారు, ఒక గొట్టం మరో గొట్టంతో కలిసే చోట ఏం చేశారు, రెండు వందల ఏళ్ల తెలివంతా అక్కడే ఖర్చయింది. ప్రాణాలు పోయినదీ ఎక్కువగా అక్కడే.

విలియం మర్డాక్ అనే ఇంజనీరు 1792లో ఇంగ్లండులోని రెడ్రూత్‌లో తన ఇంట్లో బొగ్గు గ్యాసుతో దీపం వెలిగించాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి లండన్ వీధుల్లో గ్యాసు దీపాలు వచ్చాయి. వీధి కింద పెద్ద గొట్టాలు పోత ఇనుముతో పోసుకోవచ్చు. ఇంటి గోడల్లోకి, దీపం దాకా వెళ్లే సన్న గొట్టాలు ఎక్కడివి? నెపోలియన్ యుద్ధాలు ముగిశాక తుపాకీ గొట్టాలు గుట్టలుగా మిగిలిపోయాయి. వాటికి త్రెడ్డు కోసి, ఒకదాని కొసకొకటి బిగించి గ్యాసుకు వాడారు. మన ఊళ్లలో ప్లంబింగు సామాను కొట్టుకు వెళ్లి ఇవాళ కూడా బ్యారెల్ నిపుల్ (రెండు కొసలా త్రెడ్డు ఉన్న పొట్టి గొట్టం ముక్క) అని అడుగుతాం. ఆ బ్యారెల్ తుపాకీదే.

తుపాకీ గొట్టాలకు పేరుపడ్డ ఊళ్లలో ఒకటి నాటి స్టాఫర్డ్‌షైర్‌లోని వెడ్నెస్‌బరీ. ఎర్రగా కాల్చిన ఇనుప పట్టీని ఒక కడ్డీ చుట్టూ చుట్టి, అంచులను సుత్తితో కొట్టి కొట్టి అతికేవారు. ఒక్కో అంగుళానికి ఎన్ని దెబ్బలో! నాలుగడుగుల గొట్టానికి అంత శ్రమ. అటువంటి ఊళ్లో కొర్నీలియస్ వైట్‌హౌస్ అనే పనివాడు 1825 ఫిబ్రవరిలో ఒక పేటెంటు పొందాడు. పొడవాటి పట్టీ అంచులను ముందే కాస్త పైకి వంచుతారు. ఇనుము తెల్లగా మెరిసేదాకా కొలిమిలో కాలుస్తారు. కాలుతున్న పట్టీ కొసను పటకారుతో పట్టి, గంట నోరులా మొదట వెడల్పుగా ఉండి క్రమంగా ఇరుకయ్యే రంధ్రంలోంచి గొలుసుతో ఒక్క లాగు లాగుతారు. ఇరుకులో పడిన పట్టీ తనంతట తానే చుట్టుకుని, రెండు అంచులూ ఒత్తుకుని అతుక్కుపోతాయి. సుత్తి దెబ్బ లేదు, లోపల కడ్డీ లేదు. బయటికి వచ్చేసరికి గొట్టం.

నేను దీన్ని చదివిన రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. ఆ కొలిమి ముందు నిలబడ్డవాడి చేతులు నాకు తెలుసు. పట్టీ వేడి ఒక్క రవ్వ తగ్గితే అంచులు కలవవు. ఒక్క రవ్వ ఎక్కువైతే ఇనుము మాడిపోతుంది. ఆ కళ్లకు కొలతబద్ద లేదు, రంగు ఒక్కటే గుర్తు. వైట్‌హౌస్ పేటెంటును జేమ్స్ రస్సెల్ అనే కర్మాగార యజమాని తీసుకుని క్రౌన్ ట్యూబ్ వర్క్స్ నడిపాడు. మిగతావాళ్లు కాపీ కొడితే కోర్టుకెక్కి గెలిచాడు. 14 ఏళ్ల గడువు తీరే సమయానికి పేటెంటును మరికొంత కాలం పొడిగించమని అడిగితే, కనిపెట్టిన పనివాడికి ఏటా ఇంత సొమ్ము ఇవ్వాలన్న షరతు మీద పొడిగించారు. ఆనాటి ఇంగ్లండులో పనివాడి చేతిని లెక్కలోకి తీసుకున్న తీర్పు అది. నాకు చాలా నచ్చిన సంగతి.

ఇక అర అంగుళం ముడి. ఆ తొలి గొట్టాల గోడ బాగా మందం. అర అంగుళం పైపు లోపలి వ్యాసం నిజంగానే అర అంగుళానికి దగ్గరగా ఉండేది. తర్వాత ఇనుము మెరుగైంది, పనితనం మెరుగైంది, గోడ పలచన చేసినా చాలునని తేలింది. కాని బయటి కొలత ముట్టుకుంటే త్రెడ్డు మార్చాలి. త్రెడ్డు మారిస్తే సాకెట్లు, ఎల్బోలు, వాల్వులు అన్నీ మార్చాలి. అందుకని బయటి కొలత కదపకుండా లోపలే చెక్కుకుంటూ పోయారు. ఫిలడెల్ఫియాలోని పాస్కల్ ఐరన్ వర్క్స్‌లో సూపరింటెండెంటుగా ఉన్న రాబర్ట్ బ్రిగ్స్ 1862 ప్రాంతంలో ఈ కొలతలకూ త్రెడ్డులకూ ఒక పట్టిక కట్టాడు. 1886లో అమెరికా పైపు తయారీదారులు దాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. 12 అంగుళాల దాకా ఇదే కథ: 12 అంగుళాల పైపు బయటి వ్యాసం పన్నెండూ ముప్పావు. 14 నుంచి మాత్రం పేరూ బయటి కొలతా ఒకటే. కొత్తగా చేరిన కుర్రాళ్లు దీన్ని బట్టీ పడతారు. కారణం చెబితే బట్టీ అక్కర్లేదు, మరిచిపోరు.

బ్రిగ్స్ త్రెడ్డు కోణం 60 డిగ్రీలు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన త్రెడ్డు కోణం 55. మనకు ఇంగ్లీషువాళ్ల దారిలో 55 వచ్చింది. రిఫైనరీల్లోకి, అమెరికా డిజైన్ల వెంట, 60 వచ్చింది. అర అంగుళంలోనూ ముప్పావు అంగుళంలోనూ రెండిటికీ అంగుళానికి 14 చుట్లే. ఇక్కడే ప్రమాదం. ఒక రకంలో మరో రకాన్ని చేత్తో తిప్పితే చక్కగా ఎక్కుతుంది, రెంచితో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. పల్లాలూ శిఖరాలూ మాత్రం ఒకదానిలో ఒకటి కూర్చోవు.

ఒక ఫ్యాక్టరీలో నేను చార్జ్‌హ్యాండ్‌గా ఉన్న రోజుల్లో స్టోరులో రెండు రకాల నిపుళ్లు ఒకే పెట్టెలో కలిసిపోయాయి. చుట్లు లెక్కపెట్టాను, 14 వచ్చాయి, సరిపోయిందనుకున్నాను. త్రెడ్డు గేజి పెట్టి కోణం చూడలేదు. హైడ్రో టెస్టులో డిజైన్ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తుండగా ప్రెషరు గేజి నిపులుతో సహా ఊడి ఎగిరి, పక్కన నిలబడ్డ హెల్పరు భుజానికి తగిలింది. ఎముక విరిగింది. టెస్టు నీళ్లతో చేశాం కాబట్టి అంతటితో పోయింది; గాలితో చేసుంటే ఆ అబ్బాయి మిగిలేవాడు కాడు. నీరు నలగదు, గాలి నలిగి బలం దాచుకుంటుంది, వదిలితే పేలుతుంది. ఆ రోజు నుంచి నా జేబులో త్రెడ్డు గేజి లేకుండా షాపులో అడుగు పెట్టలేదు.

అమెరికాలో నూనె పడిన తొలి రోజుల్లో బావి నుంచి రైలు దాకా నూనెను పీపాల్లో గుర్రపు బండ్ల మీద తోలేవారు. 1865లో శామ్యూల్ వాన్ సైకెల్ పెన్సిల్వేనియాలో పిట్‌హోల్ నుంచి రైలు మార్గం దాకా రెండంగుళాల గొట్టం అయిదు మైళ్లు వేశాడు. బండివాళ్లు దాన్ని తవ్వి, విరగ్గొట్టారు. తుపాకులు పట్టుకుని కాపలా కాయాల్సి వచ్చింది. ఆ గొట్టాలు ఉక్కువి కావు, చేత ఇనుమువి. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు చవకై, ఆ శతాబ్దం చివరికి గొట్టాల్లోనూ చేత ఇనుము చోటు ఆక్రమించింది.

ఉక్కు గొట్టం ఎంత దూరం పోగలదో ప్రపంచానికి చూపించినది నా లెక్కన పశ్చిమ ఆస్ట్రేలియా. కూల్‌గార్డీలో 1892లో బంగారం దొరికింది, మరుసటి ఏడు కాల్గూర్లీలో. వేలమంది ఎగబడ్డారు. అక్కడ నది లేదు, చెరువు లేదు. నీటికి కరువు, టైఫాయిడ్‌కు కొదవ లేదు. ప్రభుత్వ ప్రధాన ఇంజనీరు సి. వై. ఓకానర్ ఒక మాట అన్నాడు: పెర్త్ దగ్గర కొండల్లో ఆనకట్ట కట్టి, నీటిని ఆవిరి పంపులతో ఎడారిలోకి, 530 కిలోమీటర్లు, ఎత్తుకు తోడదాం. ఎనిమిది పంపు స్టేషన్లు, 30 అంగుళాల ఉక్కు గొట్టం, దాదాపు 60,000 ముక్కలు.

ఇంత పెద్ద గొట్టాన్ని ఆ రోజుల్లో వైట్‌హౌస్ పద్ధతిలో లాగలేరు. రేకు చుట్టి రివెట్లు కొడితే ప్రతి రివెట్టూ ఒక చిల్లు, ప్రతి చిల్లూ ఒక కారుడు. పైగా లోపల రివెట్ల తలలు నీటిని ఆపుతాయి. మెల్‌బోర్న్‌కు చెందిన మెఫన్ ఫెర్గూసన్ దీనికి ఒక ఉపాయం పట్టాడు. రెండు అర్ధచంద్రాకారపు రేకులు తీసుకుని, వాటి అంచులను ఒత్తి కాస్త లావు చేసి, రెండు పక్కలా గాడి ఉన్న పొడవాటి ఉక్కు కడ్డీలో దూర్చి, ఆ గాడి పెదవులను యంత్రంతో మూసేస్తే గట్టిగా పట్టేస్తాయి. రివెట్టు లేదు, వెల్డింగు లేదు. మన వడ్రంగి చెక్కలో చెక్క బిగించే తీరు గుర్తొచ్చింది నాకు. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఉక్కు కంకణం తొడిగి, సందులో సీసం కూరారు.

ఆ సీసం కూరే పనిని యంత్రానికి ఇవ్వాలా, కూలీల చేత చేయించాలా అన్నదాని మీద గొడవలు లేచాయి. పత్రికలు ఓకానర్ మీద అవినీతి మాటలు గుప్పించాయి. నీరు ఎప్పటికీ ఎక్కదన్నారు. 1902 మార్చి 10 ఉదయం ఆయన గుర్రమెక్కి ఫ్రీమాంటిల్ దగ్గర సముద్రతీరానికి వెళ్లి తనను తాను కాల్చుకున్నాడు. 1903 జనవరిలో కాల్గూర్లీకి నీరు చేరింది. పది నెలలు. ఆ గొట్టం దారి వెంట నేటికీ నీరు నడుస్తూనే ఉంది. ఎత్తిపోతల గురించి మన ఊళ్లలో మాటలు వచ్చినప్పుడల్లా నాకు ఓకానర్ గుర్తొస్తాడు. మోటారు పేరు చెబుతారు, ఎకరాలు చెబుతారు, నాయకుడి పేరు చెబుతారు. గొట్టానికి అతుకు వేసినవాళ్లను ఎవరూ తలవరు.

అసలు అతుకే లేకుండా చేస్తే? జర్మనీలోని రెంషైడ్‌లో మానెస్‌మన్ కుటుంబానికి ఆకురాళ్ల ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఇంటి అన్నదమ్ములు రైన్‌హార్డ్, మాక్స్. ఏటవాలుగా పెట్టిన రెండు రోలర్ల మధ్య ఎర్రగా కాలిన గుండ్రటి ఉక్కు దిమ్మెను గిరగిర తిప్పితే, దాని నడుమ లాగుడు పుట్టి దానంతటదే డొల్ల పడుతుందని గమనించారు. 1885లో పేటెంటు తీసుకున్నారు. ఆ డొల్లలోకి ఒక మొన పెట్టి నున్న చేస్తే గొట్టం. అయితే గోడ మరీ మందంగా వచ్చేది. దాన్ని పలచన చేయడానికి మరో యంత్రం కట్టారు: గొట్టాన్ని కొంత ముందుకు తోసి సాగదీస్తుంది, కొంత వెనక్కి లాగి తిప్పుతుంది, మళ్లీ ముందుకు. లక్సెంబర్గ్‌లోని ఎక్టర్నాక్‌లో భక్తులు ఒకప్పుడు ముందుకు కొన్ని అడుగులు, వెనక్కి కొన్ని అడుగులు వేస్తూ నాట్యమాడుతూ ఊరేగేవారు. ఆ యాత్రికుల పేరు మీదే ఈ పద్ధతికి పిల్గర్ అని పేరు వచ్చింది.

సీమ్‌లెస్ పైపుకు అంత గిరాకీ ఎందుకంటే, గొట్టంలో ఒత్తిడి పెరిగినప్పుడు పొడవునా ఉన్న అతుకు మీద పడే లాగుడు, చుట్టూ ఉన్న అతుకు మీద పడే లాగుడుకు రెండింతలు. కుంపటి మీద కాల్చిన వంకాయ పొడవునే చీలడం చూసే ఉంటారు, పైపూ అంతే. అందుకే బాయిలరు దగ్గర, ఆవిరి దగ్గర సీమ్‌లెస్సే అడుగుతారు. మన దేశంలో బాయిలర్ల చట్టం 1923లోనే వచ్చింది. దాని కింద ఏర్పడిన నిబంధనలనే ఐబీఆర్ అంటాం. ఐబీఆర్ పైపు, ఐబీఆర్ వెల్డరు అన్న మాటలకు థర్మల్ కేంద్రాల్లో ఇప్పటికీ బరువుంది. అక్కడ కూడా మామూలు కార్బన్ స్టీలుకు ఒక హద్దుంది. 425 డిగ్రీలు దాటిన వేడిలో ఏళ్ల తరబడి ఉంచితే ఉక్కులోని కార్బన్ విడిపోయి, పెన్సిల్లో ఉండే గ్రాఫైట్‌లా మారుతుంది. ఆ చోట బలం పోతుంది. ఆ పైన వేడికి క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కులు వేరే ఉన్నాయి.

చవక పైపులకు మాత్రం అతుకు తప్పలేదు. రేకును చల్లగానే చుట్టి, కరెంటుతో అంచులు కరిగించి ఒత్తే పద్ధతి 1920లలో వచ్చింది. ఈఆర్‌డబ్ల్యూ అంటాం. తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటుతో చేసిన ఆ పాత పైపుల అతుకులు కాలం గడిచాక చీలినవి చాలా ఉన్నాయి. 1970కి ముందు అలా చేసిన వాటిని అమెరికాలో ఇప్పటికీ అనుమానంగానే చూస్తారు. తర్వాత వచ్చిన హై ఫ్రీక్వెన్సీ పద్ధతితో ఆ లోపం చాలావరకు తీరింది. మన కొట్లలో దొరికే ఏ, బి, సి క్లాసు పైపులు ఎక్కువగా ఈ రకమే. పసుపు పట్టీ ఉంటే పలచన, నీలం అయితే మధ్యరకం, ఎరుపు అయితే మందం. కొనేటప్పుడు ఆ రంగు చూసుకోండి.

1942లో జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్ తీరంలో అమెరికా నూనె ఓడలను వరసగా ముంచేస్తుంటే, సముద్రం వదిలి నేల మీద నూనె నడపక తప్పలేదు. టెక్సాస్‌లోని లాంగ్‌వ్యూ నుంచి పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్ దాకా 24 అంగుళాల పైపు, 2,000 కిలోమీటర్లకు పైగా. ఆ రోజుల్లో అంత లావు గొట్టం అంత దూరం ఎవరూ వేయలేదు. 1942 ఆగస్టులో మొదలుపెట్టి 1943 ఆగస్టుకల్లా చివరి కొసకు నూనె అందించారు. దానికి బిగ్ ఇంచ్ అని ముద్దుపేరు. సీసం లేదు, త్రెడ్డు లేదు. ప్రతి జాయింటూ వెల్డింగే. యుద్ధం అయ్యాక దాన్ని అమ్మేస్తే కొన్న కంపెనీ సహజవాయువుకు మార్చుకుంది. నూనె కోసం వేసిన గొట్టం గ్యాసుకు పనికొచ్చిందంటే ఆ వెల్డర్ల చలవే అంటాను నేను.

మన దేశంలో మొదటి పెద్ద క్రూడ్ పైప్‌లైను అస్సాంలోని నహర్‌కటియా నుంచి గువాహటి మీదుగా బిహారులోని బరౌనీకి, 1,157 కిలోమీటర్లు. 1962లో గువాహటి దాకా, 1964లో బరౌనీ దాకా పూర్తయింది. అప్పటికే ఒడిశాలోని చౌద్వార్‌లో బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ట్యూబ్స్, జంషెడ్‌పూర్‌లో ఇండియన్ ట్యూబ్ కంపెనీ పైపులు చేస్తున్నాయి. 1962లోనే పైప్‌లైన్ల కోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. భూమి రైతుదే, గొట్టం వేసే హక్కు మాత్రం తీసుకుంటారు. పైన పైరు వేసుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు.

ఆ చట్టం మన రైతులకు ఎంత దగ్గరిదో గోదావరి జిల్లాల్లో చూశాను. కృష్ణా గోదావరి గ్యాసు వచ్చాక కొబ్బరి తోటల కింద, వరి చేల కింద గొట్టాలు పాకాయి. 2009లో సముద్రపు గ్యాసు ఒడ్డుకు వచ్చిన నాటికి కాకినాడ దగ్గర నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా 48 అంగుళాల పైపు సిద్ధమై ఉంది. దాదాపు 1,400 కిలోమీటర్లు. దాని మీద పనిచేసిన వెల్డర్లలో మనవాళ్లు ఎందరో. కొందరు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి మరీ చేరారు.

వెల్డరుకు పెట్టే పరీక్షను సిక్స్ జీ అంటారు. పైపు రెండు ముక్కలను 45 డిగ్రీల ఏటవాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డరే దాని చుట్టూ తిరగాలి: కింద నుంచి పైకి చూస్తూ, పక్కన ఆనుకుని, పైన వంగి. రెండు కొసల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. మొదటి వరసను రూట్ అంటాం. ఆ సందులో కరిగిన లోహం ముందు తాళంచెవి రంధ్రంలాంటి చిన్న చిల్లు కనిపించాలి. అది మూసుకుపోతే లోపలి అంచు కలవదు; పెద్దదైతే లోహం లోపలికి కారి ముద్ద కడుతుంది. వైట్‌హౌస్ కొలిమి ముందు నిలబడ్డవాడు రంగు చూసినట్టు వీడు ఆ చిల్లు చూస్తాడు. తర్వాత దాని మీద 7018 రాడ్డుతో పొర మీద పొర. ఆ రాడ్డును ఓవెన్‌లో కాల్చి, వేడిగా ఉండగానే వాడాలి. తేమ పట్టిన రాడ్డు వాడితే అందులోని హైడ్రోజన్ ఉక్కులో దాక్కుని, మర్నాడో ఆ మర్నాడో చప్పుడు లేకుండా పగులు తెస్తుంది. ఆఖరున జాయింటు పక్కన వెల్డరు నంబరు రాస్తారు. ఎక్స్‌రే ఫిల్ములో మచ్చ కనిపిస్తే ఎవరి చేయో తెలుస్తుంది. మా బ్యాచ్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక వెల్డరు జాయింటు ముగించి, చల్లారేదాకా దానిపక్కనే కూర్చునేవాడు. ఎందుకయ్యా అంటే, "ఇది మనం పోయాక కూడా ఉంటాదండి" అనేవాడు.

గొట్టం ఉండాలంటే అతుకు ఒక్కటే బాగుంటే చాలదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్లో 18 అంగుళాల గ్యాసు పైపు పగిలి మంటలు లేచాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లలో నిద్రలో ఉన్నవాళ్లు. మా అక్కయ్యగారి ఊరు అక్కడికి దగ్గర. వారం తర్వాత వెళ్లాను. కొబ్బరి చెట్లు మొదలంటా నల్లగా, మొవ్వులు లేకుండా నిలబడి ఉన్నాయి. నేను మంట చూడలేదు, ఆ నేల చూశాను. గొట్టం లోపలి నుంచి ఎలా పాడవుతుందో చెబుతాను. గ్యాసుతో పాటు నీటి తడి వస్తే, అందులోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లమవుతుంది. అది నీరు నిలిచే చోట, గొట్టం అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండే చోట, ఉక్కును లోపలి నుంచి తింటుంది. బయటి నుంచి రంగు, పూత అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే గ్యాసును ముందు ఆరబెట్టాలి, గొట్టం లోపలికి పిగ్ అనే పరికరాన్ని పంపి గోడ మందం కొలవాలి, పలచబడిన చోట ముక్క కోసి మార్చాలి. ఇవేవీ కొత్త విద్యలు కావు. ప్రతి పైపింగు ఇంజనీరుకూ తెలిసినవే. తెలిసీ చేయకపోవడాన్ని నేను ప్రమాదం అనను.

చనిపోయినవాళ్లలో గొట్టం ఎవరిదో, ఎంత లావో, లోపల ఏముందో తెలిసినవాళ్లు ఎందరుంటారు? వాళ్ల పెరటి కింద అది ఉంది, అంతే. ఈ చరిత్రంతా రాసింది అందుకోసమే.

మీ పొలం గట్టునో, రోడ్డు వారనో పైప్‌లైను రాయి గాని, పసుపు బోర్డు గాని పాతి ఉంటే ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి. దాని మీద ఒక ఫోను నంబరు ఉంటుంది. దాన్ని రాసుకుని ఇంట్లో గోడ మీద అంటించండి. జేసీబీ పెట్టే ముందు, బోరు వేసే ముందు, చివరికి కొబ్బరి మొక్క నాటే ముందు కూడా ఆ నంబరుకు ఫోను చేయండి. గ్యాసు వాసన వచ్చినా, పైరు ఒక వరసలో కారణం లేకుండా పసుపెక్కినా, తడి నేలలో బుడగలు లేచినా, అక్కడి నుంచి దూరం వెళ్లాక చేయండి. పొయ్యి వెలిగించకండి, స్విచ్చి వేయకండి, పిల్లల్ని తీసుకుని గొట్టానికి దూరంగా, గాలి వీచే దిక్కులో కాకుండా నడవండి. ఎవరూ ఎత్తకపోతే మండలాఫీసుకు వెళ్లి కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.